థర్డ్ సెక్రటరీకి సొంతమైనదేమిటి?

రాయబార కార్యాలయంలో దౌత్యాధికారుల నిచ్చెనకు చాలా దేశాల్లో అడుగుమెట్టు థర్డ్ సెక్రటరీ. వీసాలు, సొంత పౌరుల బాగోగులు చూసే కాన్సులేట్‌లో అయితే వైస్ కాన్సుల్ అంటారు. ఆ పైన సెకండ్ సెక్రటరీ, ఫస్ట్ సెక్రటరీ, కౌన్సెలర్, మినిస్టర్, అందరికంటే పైన రాయబారి. ఇక్కడ సెక్రటరీ అంటే గుమాస్తా కాదు, మినిస్టర్ అంటే మంత్రీ కాదు. ఈ వృత్తిలో మాటలు ఇంకా పాతకాలపు దుస్తుల్లోనే తిరుగుతుంటాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి తికమక అక్కడే.

రెండో తికమక ఇంకా పెద్దది. బయటినుంచి చూస్తే ఈ ఉద్యోగమంటే ప్రత్యేకమైన నంబరు ప్లేటున్న కారు, పోలీసులు అరెస్టు చేయలేని హోదా, విందులు, దేశదేశాలు తిరగడం. అవన్నీ నిజమే. కాకపోతే వాటిలో ఒక్కటి కూడా ఆ మనిషిది కాదు. ఆ రక్షణ, అతన్ని పంపిన దేశానిది. నోట పలికే మాట ప్రభుత్వానిది. రాత్రంతా కూర్చుని రాసిన నివేదిక కింద పేరు రాయబారిది. ఏ ఊళ్లో ఉండాలో తేల్చేది విదేశాంగ శాఖ. జూనియర్ దౌత్యవేత్త ఉద్యోగంలో ఎక్కడ ముడి కనిపించినా, తీగ లాగితే ఈ సంగతే బయటపడుతుంది.

ఉద్యోగంలోకి వచ్చే దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చాలా దేశాల్లో గట్టి పోటీ పరీక్ష, దాని వెనక ఇంటర్వ్యూ. భారతదేశంలో సివిల్ సర్వీసెస్ పరీక్ష రాసి ర్యాంకును బట్టి విదేశాంగ సేవలోకి వస్తారు. అమెరికాలో దీనికి విడిగా పరీక్ష ఉంది. కాన్సులర్, ఆర్థిక, పరిపాలన, రాజకీయ, ప్రజా దౌత్యం అనే ఐదు దారుల్లో ఒకదాన్ని ముందే ఎంచుకోవాలి. బ్రెజిల్‌కు 1945లో పెట్టిన రియో బ్రాంకో ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడి దౌత్యవేత్తలందరూ ఆ గుమ్మం దాటి రావలసిందే. పరీక్షలు ఎంత వేరైనా చరిత్ర, అంతర్జాతీయ చట్టం, ఆర్థికశాస్త్రం, చక్కగా రాయగలగడం అన్నిచోట్లా అడుగుతారు. నన్నడిగితే ఆ చివరిదానికి మార్కులు ఇంకా ఎక్కువ ఉండాలి.

ఏ ఊరికి పంపుతారన్నది శిక్షణలో ఉన్నవాళ్లందరినీ తినేసే టెన్షన్. అమెరికాలో కొత్త బ్యాచ్ శిక్షణ చివర్లో ఫ్లాగ్ డే అని ఒక వేడుక జరుగుతుంది. ఒక్కొక్కరి పేరు పిలిచి, వెళ్లబోయే దేశం చిన్న జెండా చేతిలో పెడతారు. అంతకుముందు ఇష్టాయిష్టాల జాబితా తీసుకుంటారు గానీ, మొదటి రెండు పోస్టింగులు శాఖ తేల్చినవే. మరో దేశంలో వేడుక ఉండదు, ఒక ఉత్తర్వు వస్తుంది, అంతే. దాదాపు ఎక్కడైనా ఒక చోట ఉండేది రెండు నుంచి నాలుగేళ్లు. ఆ తర్వాత మళ్లీ పెట్టెలు సర్దుకోవాలి.

ఇన్ని పరాయి సొత్తుల మధ్య జూనియర్‌కు తనదంటూ మొదట దక్కేది భాష. దౌత్యవేత్తలకు భాష నేర్పించాలన్న పట్టుదల కొత్తది కాదు. 1754లో ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరీసా వియన్నాలో ఓరియంటల్ అకాడమీ స్థాపించిందే తూర్పు దేశాల భాషలు వచ్చిన మనుషుల కోసం. ఇవాళ్టి వియన్నా డిప్లొమాటిక్ అకాడమీ దాని వారసత్వమే. భారత విదేశాంగ సేవలో కొత్త అధికారికి ఒక విదేశీ భాష కేటాయిస్తారు, ఆ భాషలో పరీక్ష ప్యాసైతేగాని ఉద్యోగం ఖాయం చేయరు. అమెరికా విదేశాంగ శిక్షణ సంస్థ లెక్కలో, ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకు స్పానిష్ పట్టుబడటానికి సుమారు 30 వారాలు చాలు. అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్ భాషలకు 88 వారాలు కావాలి. అంటే ఏడాదిన్నర పైచిలుకు కాలం పూర్తి జీతమిచ్చి, ఒక మనిషిని బడికి పంపడమే పని. అంత ఖర్చు ఎందుకు, దుభాషి ఉన్నాడు కదా అని అనిపించవచ్చు. దుభాషి మాటను తెస్తాడు. ప్రశ్న వినగానే అవతలి అధికారి తన పక్కవాడితో గొణిగిన అరముక్కను తేడు.

శిక్షణ అయింది, భాష వచ్చింది, విమానం దిగారు. మొదటి బల్ల ఎక్కడ? చాలామందికి వీసా కిటికీ వెనక. ప్రపంచ రాజకీయాలు చదువుకుని వచ్చిన మనిషి రోజూ పదుల మందిని, ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాలు ప్రశ్నించి, ఇవ్వాలో వద్దో తేల్చాలి. దీన్ని శిక్షగా భావించే కొత్తవాళ్లు ఉంటారు. అది పొరపాటని నా అభిప్రాయం. రాయబారికి మంత్రులు, సంపాదకులు, వ్యాపారవేత్తలు కనిపిస్తారు. వీసా అధికారికి రైతు కొడుకు, నర్సు, కూతుర్ని చూడబోతున్న ముసలామె కనిపిస్తారు. ఆ దేశం నుంచి జనం ఎందుకు వెళ్లిపోవాలనుకుంటున్నారో మొదట తెలిసేది ఆ కిటికీకే.

కాన్సులర్ పనిలో రెండో సగం సొంత పౌరుల బాగోగులు. పాస్‌పోర్టు పోయినవాడు, ఆసుపత్రిలో పడ్డవాడు, యజమాని జీతం ఎగ్గొట్టినవాడు, చనిపోయినవాడి శవం కోసం ఎదురుచూస్తున్న కుటుంబం. 1963 నాటి కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, విదేశీయుణ్ణి అరెస్టు చేస్తే తన కాన్సులేట్‌కు కబురు చేయమనే హక్కు అతనికి ఉందని పోలీసులు చెప్పాలి. అతను కోరితే కబురు అందాలి, కాన్సులర్ అధికారి జైలుకు వెళ్లి చూడవచ్చు. అలా వెళ్లేది చాలాసార్లు ఇరవై ఆరేళ్ల వైస్ కాన్సుల్. విడిపించే అధికారం అతనికి లేదు. న్యాయవాదుల జాబితా ఇవ్వగలడు, ఇంటికి కబురు చేయగలడు, కొట్టారా అని అడగగలడు. ఎదుటివాడు మాత్రం తన దేశమే నడిచి వచ్చిందనుకుంటాడు. ఈ రెండింటి మధ్య ఎడాన్ని ముఖంలో కనిపించకుండా మోయడం ఏ శిక్షణలోనూ పూర్తిగా నేర్పలేరు.

ఈ కిటికీ పని ఒక్కోసారి ప్రాణాలనూ కాపాడింది. 1979 నవంబరు 4న టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినప్పుడు 52 మంది 444 రోజులు బందీలుగా ఉండిపోయారు. కాన్సులర్ విభాగం భవనానికి మాత్రం జనం వచ్చిపోయే తలుపు వీధివైపు ఉంది. అందులోంచి జారుకున్నవాళ్లే, కెనడా దౌత్యవేత్తల ఇళ్లలో దాక్కుని 1980 జనవరిలో బయటపడ్డ ఆరుగురిలో ఎక్కువమంది.

ఇక రాజకీయ విభాగానికి వస్తే, పనంతా రాతపనే. పెద్దల సమావేశంలో జూనియర్ బల్ల చివర కూర్చుంటాడు, నోరు విప్పడు, రాసుకుంటాడు. అవతలి వైపు చివర కూడా అలాంటి మనిషే ఉంటాడు. సాయంత్రానికల్లా జరిగింది నివేదికగా రాజధానికి వెళ్లాలి. పాత అలవాటు కొద్దీ దాన్ని ఇప్పటికీ టెలిగ్రామ్ అనో కేబుల్ అనో అంటారు. దీనికీ పత్రికా వార్తకూ పోలిక తక్కువ. ఏం చెప్పాడన్నదాంతో పాటు ఏ ప్రశ్నకు దాటవేశాడు, ఏ మాట దగ్గర కాగితం చూసి చదివాడు, ఏ మాట తడుముకోకుండా చెప్పాడు అన్నవి కూడా రాయాలి. విన్నది ఒకచోట, దాని మీద తన అంచనా మరోచోట, కలవకుండా ఉండాలి. అమెరికన్ కేబుల్స్‌లో ‘వ్యాఖ్య’ అని మొదలుపెట్టి, ‘వ్యాఖ్య ముగిసింది’ అని గీత గీసినట్టు రాస్తారు. చాదస్తంలా కనిపించినా దాని అవసరం పెద్దది: రాజధానిలో ఉన్న మనిషి దాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటాడు, మంత్రి అన్నదేదో థర్డ్ సెక్రటరీ ఊహించిందేదో తేడా తెలియకపోతే కొంప మునుగుతుంది.

అంతా అయ్యాక అడుగున పేరు రాయబారిది. అమెరికా, బ్రిటన్ పద్ధతిలో రాయబార కార్యాలయం నుంచి వెళ్లే కేబుల్ మీద ఆయన పేరే ఉంటుంది, ఆయన ఆ రోజు సెలవులో లేకపోతే చాలు. 2010లో వికీలీక్స్ సుమారు రెండున్నర లక్షల అమెరికన్ కేబుల్స్‌ను బయటపెట్టడం మొదలుపెట్టినప్పుడు, ఫలానా రాయబారి ఇలా రాశాడని ప్రపంచమంతా చెప్పుకుంది. వాటిలో మంచి వాక్యాలు ఎన్ని జూనియర్ల చేతి నుంచి వచ్చాయో లెక్క తేలదు. పేరు పడకపోయినా బాగా రాయడం కష్టమైన సాధన. పత్రికల్లో పేరు చూసుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఈ ఉద్యోగం సరిపడదని ఇక్కడే తెలిసిపోతుంది.

రెండు ప్రభుత్వాల మధ్య నడిచే కాగితాలకు ఇంకో భాష ఉంది. అన్నిటికంటే మామూలుది నోట్ వెర్బేల్. దీనిలో ‘నేను’ ఉండదు. ఫలానా దేశ రాయబార కార్యాలయం ఫలానా విదేశాంగ శాఖకు అభినందనలు తెలుపుకుంటూ, ఈ కింది విషయం తెలియజేయడం గౌరవంగా భావిస్తోంది అని మొదలవుతుంది. తన అత్యున్నత గౌరవాన్ని మరోసారి ప్రకటించుకుంటూ ముగుస్తుంది. పూర్తి సంతకం ఉండదు, పొట్టి సంతకమూ ముద్రా ఉంటాయి. మధ్యలో విషయం విందు పిలుపు కావచ్చు, సరిహద్దు దాటి వచ్చారన్న తీవ్ర నిరసన కావచ్చు. మొదలూ చివరా మర్యాద మారదు. ఒకవేళ ఎవరైనా ఆ మర్యాద వాక్యాన్ని వదిలేస్తే, అవతలివాళ్లు మొదట గమనించేది దాన్నే. దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది నాన్ పేపర్: లెటర్‌హెడ్ లేదు, సంతకం లేదు, రేపు కాదనడానికి వీలున్న కాగితం. ఒక ఆలోచన పారుతుందో లేదో చూడటానికి బల్ల మీదుగా జరుపుతారు.

డిమార్ష్ అంటే రాజధాని చెప్పమన్న మాటను వెళ్లి అవతలి ప్రభుత్వానికి చెప్పి, వాళ్ల స్పందన తెలుసుకుని రావడం. ఇది మనకు కొత్తేమీ కాదు. సంజయుడు పాండవుల దగ్గరికి వెళ్లింది ధృతరాష్ట్రుడి మాట చెప్పడానికే. ఆ మాటలో న్యాయం ఎంతుందో అతనికి తెలియక కాదు. వెళ్లాడు, చెప్పాడు, విన్నది తిరిగొచ్చి రాజుకు దాచకుండా విన్నవించాడు. ఈ మూడూ చేయడం ఇవాళ్టి జూనియర్ నేర్చుకోవలసిన పాఠమే, మూడోది అన్నిటికంటే కష్టం. రాజధానికి రుచించని జవాబు వచ్చినప్పుడు కొంచెం తీపి కలిపి పంపాలని ప్రతివాడికీ అనిపిస్తుంది.

సీటింగ్ గురించి ఒక్క మాట. విందులో ఎవరి పక్కన ఎవరు అన్న పని జూనియర్ నెత్తినే పడుతుంది, వెధవ పని అనిపిస్తుంది. 1661లో లండన్‌లో స్వీడన్ రాయబారి ఊరేగింపులో ఎవరి బండి ముందు నడవాలన్న దాని మీద స్పెయిన్, ఫ్రాన్స్ రాయబారుల మనుషులు వీధిలో కొట్టుకున్నారు, ప్రాణాలు పోయాయి. ఈ గొడవకు తెర దించింది 1815 నాటి వియన్నా మహాసభ: ఒకే శ్రేణి వాళ్లలో ఎవరు ముందు వచ్చి ఉద్యోగంలో చేరితే వాళ్లే ముందు. చిన్న దేశమా పెద్ద దేశమా అన్న ప్రశ్నే లేదు. ఇప్పటికీ అదే లెక్క.

రక్షణ సంగతి. అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. హనుమంతుణ్ణి చంపమని రావణుడు ఆజ్ఞాపిస్తే, దూతను చంపడం ధర్మం కాదని విభీషణుడు అడ్డుపడ్డాడు. అతని వాదన హనుమంతుడి మంచితనం మీద ఆధారపడలేదు. వచ్చినవాడు ఇంకొకరి మాట మోసుకొచ్చాడన్న దాని మీదే. 1961 నాటి దౌత్య సంబంధాల వియన్నా ఒప్పందం చెప్పేదీ అదే. దాని 29వ అధికరణ ప్రకారం దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదు. 31వ అధికరణ ప్రకారం అక్కడి క్రిమినల్ కోర్టులకు అతని మీద అధికారం లేదు. అయితే ఈ సౌకర్యాలు వ్యక్తుల లాభం కోసం కావని, దౌత్య కార్యాలయం పని సవ్యంగా సాగడం కోసమేనని ఒప్పందం ప్రవేశికలోనే ఉంది. 32వ అధికరణ ప్రకారం ఆ రక్షణను వదులుకునే అధికారం పంపిన దేశానిదే. ఆ మనిషిని అడగనక్కర్లేదు. 41వ అధికరణ స్థానిక చట్టాలను గౌరవించమంటుంది, 42వది సొంత వ్యాపారం చేయవద్దంటుంది.

1997 జనవరిలో వాషింగ్టన్‌లో, జార్జియా రాయబార కార్యాలయంలో రెండో స్థానంలో ఉన్న దౌత్యవేత్త కారు నడిపి చేసిన ప్రమాదంలో పదహారేళ్ల అమ్మాయి చనిపోయింది. జార్జియా ప్రభుత్వం అతని రక్షణను వదులుకుంది, అతను జైలుకు వెళ్లాడు. చిన్న తప్పుల దగ్గర మాత్రం దేశాలకు ఇంత పట్టింపు ఉండదు. 1997 చివరి నుంచి 2002 దాకా న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలు కట్టకుండా వదిలేసిన పార్కింగ్ చలాన్లు లక్షన్నర దాటాయి. 2002లో దౌత్య నంబరు ప్లేట్లు తీసేసుకునే అధికారం నగరానికి రాగానే అవి ఒక్కసారిగా పడిపోయాయి. సిగ్గు చేయలేని పని నంబరు ప్లేటు చేసింది.

వీసా కిటికీ వెనక ఉన్న వైస్ కాన్సుల్‌కు ఈ కవచం ఇంకా పలచన. కాన్సులేట్‌లో పనిచేసేవాళ్లకు 1963 ఒప్పందం వర్తిస్తుంది, అందులో రక్షణ ప్రధానంగా అధికారిక పనులకే. ఒకే శాఖ, ఒకే బ్యాచ్, ఒకే దేశం. ఒకరు రాజధానిలో రాయబార కార్యాలయానికి, మరొకరు ఓడరేవు నగరంలో కాన్సులేట్‌కు వెళ్తే చట్టం ముందు వాళ్ల స్థితి వేరు. చాలామంది కొత్తవాళ్లకు ఇది తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

ఎవరినైనా పొమ్మనే హక్కు ఆతిథ్య దేశానికి ఉంది. 1961 ఒప్పందం 9వ అధికరణ ప్రకారం కారణం చెప్పకుండానే పర్సనా నాన్ గ్రాటా, అంటే అక్కర్లేని మనిషి, అని ప్రకటించవచ్చు. 2018లో బ్రిటన్‌లో రష్యా మాజీ గూఢచారి స్క్రిపాల్ మీద విష ప్రయోగం జరిగాక, అది రష్యా పనేనని ఇరవైకి పైగా దేశాలు వందమందికి పైగా రష్యన్ దౌత్యవేత్తలను పంపేశాయి, రష్యా కూడా అదే పని చేసింది. ఇలాంటి తూకంలో తలల లెక్కే ప్రధానం. పిల్లల్ని బళ్లో వేసి ఆరు నెలలైనా కాని సెకండ్ సెక్రటరీ, తను చేసిందేమీ లేకుండానే వారంలో విమానం ఎక్కవలసి రావచ్చు.

పిల్లలు అన్నాను కాబట్టి కుటుంబం మాట కూడా. ఈ ఉద్యోగం ఒక మనిషికి జీతమిచ్చి ఇద్దరితో పని చేయించుకుంటుందని పాత విమర్శ. అమెరికాలో భర్త పనితీరు నివేదికలో భార్య మర్యాదలకూ మార్కులు వేసే అలవాటు 1972 దాకా ఉంది. ఉద్యోగి స్త్రీ అయితే పెళ్లే అడ్డం: అమెరికా ఆ అడ్డు 1972లో తీసింది, బ్రిటన్ 1973లో. భారత విదేశాంగ సేవలో 1949లో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేయవలసి వస్తుందని ముందే రాసిచ్చి చేరవలసి వచ్చింది. ఆమె వేసిన కేసులో 1979లో సుప్రీంకోర్టు ఆ నిబంధనల్లోని వివక్షను తీవ్రంగా తప్పుపట్టింది. ఇప్పుడు అలాంటి నిబంధనలు పోయాయి. మూడేళ్లకోసారి దేశం మారే మనిషి జీవిత భాగస్వామి తన ఉద్యోగం ఎలా నిలబెట్టుకోవాలన్న ప్రశ్న పోలేదు.

మరి సొంత ప్రభుత్వం చేస్తున్నది తప్పని అనిపిస్తే? నోరు నాది కాదు సరే, మనసు కూడా నాది కాదా అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు రాకమానదు. 1971 ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా కాన్సులేట్ నుంచి ఒక టెలిగ్రామ్ వెళ్లింది. తూర్పు పాకిస్తాన్‌లో జరుగుతున్న హింస మీద తమ ప్రభుత్వ మౌనాన్ని ఖండిస్తూ ఇరవైమంది అమెరికన్ అధికారులు సంతకాలు చేశారు. కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ దాన్ని సమర్థిస్తూ తన మాట జోడించాడు. విధానం మారలేదు, బ్లడ్‌ను అక్కణ్ణుంచి తప్పించారు. భిన్నాభిప్రాయం చెప్పడానికి అమెరికా విదేశాంగ శాఖలో అధికారికంగా ఒక దారి ఏర్పడిందీ ఆ ఏడాదే. ఆ దారి లోపలికే తెరుచుకుంటుంది, పత్రికలవైపు కాదు.

రెండో ఉదాహరణ చియునె సుగిహారా. జపాన్ విదేశాంగ శాఖ అతన్ని యువకుడిగా చైనాలోని హార్బిన్‌కు పంపి రష్యన్ నేర్పించింది. ఆ భాష వల్లే 1940 నాటికి లిథువేనియాలోని కౌనాస్‌లో వైస్ కాన్సుల్‌గా ఉన్నాడు. నాజీల నుంచి పారిపోతున్న యూదులు గేటు ముందు నిలబడ్డారు. షరతులు తీరనివాళ్లకు వీసా ఇవ్వవచ్చా అని టోక్యోను అడిగాడు, వద్దన్నారు. అయినా వారాల తరబడి చేత్తో రాసి జపాన్ మీదుగా మరో దేశానికి సాగిపోయేందుకు రెండువేలకు పైగా ట్రాన్సిట్ వీసాలిచ్చాడు. ఒక్కో దాని మీద కొన్నిసార్లు కుటుంబమంతా ప్రయాణించింది. 1947లో ఉద్యోగం పోయింది. సిబ్బంది తగ్గింపు అని శాఖ అంది, ఆ వీసాల వల్లేనని కుటుంబం అనుకుంది. ఢాకా బృందం రాసింది, సుగిహారా ముద్ర వేశాడు. రెండు పద్ధతులకూ మూల్యం ఉంది, రెండోదానికి ఎక్కువ. మూడో పద్ధతి రాజీనామా. దాని గురించి తక్కువగా వింటాం గానీ అదీ గౌరవమైనదే.

దీనికి తలకిందులుగా ఉండే జబ్బు ఒకటుంది. చాలాకాలం ఒక దేశంలో ఉండి, దాని భాష, స్నేహాలు, కోపాలు ఒంటబట్టి, చివరికి ఆ దేశం తరఫున తన రాజధానితో వాదించడం మొదలుపెట్టడం. అమెరికన్లు దీనికి క్లయింటైటిస్ అని పేరు పెట్టారు. ఎక్కడా వేళ్లూనకుండా తిప్పడానికి ఇదొక కారణం. దాని నష్టమూ ఉంది: మనిషికి ఊరు అర్థమయ్యేసరికి బదిలీ ఉత్తర్వు వస్తుంది.

ఉత్తర్వు వచ్చాక ఛార్జి అప్పగించాలి. ఇల్లు తర్వాతి మనిషికి, కారు ప్లేటు తిరిగి ఆతిథ్య శాఖకు, ఫైళ్లు బీరువాలోకి. 1961 ఒప్పందం 39వ అధికరణ ప్రకారం, పని ముగించుకుని దేశం విడిచిన క్షణాన రక్షణ కూడా మామూలుగా ముగుస్తుంది. అధికార హోదాలో చేసిన పనులకు మాత్రం ఆ తర్వాతా నిలుస్తుంది. వచ్చేవారి కోసం ఒక నోట్ రాస్తారు. మంచి నోట్‌లో విధానాల కంటే మనుషులు ఎక్కువ ఉంటారు: శాఖలో ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఎవరు ఎత్తరు, ఎవరు ఔనంటే కాదని అర్థం, ఏ సంపాదకుడు ముందే చెప్తే అచ్చేయడు, ఏ జైలు అధికారికి కబురు పెడితే ఆ రోజే లోపలికి పంపుతాడు. నంబర్లన్నీ పక్కనే రాసి ఉంటాయి.

కొత్త థర్డ్ సెక్రటరీ ఆ నంబర్లకే ఫోన్ చేస్తుంది. అవతలివాళ్లు మర్యాదగా మాట్లాడతారు, తప్పకుండా కలుద్దామంటారు, తేదీ మాత్రం చెప్పరు. పెట్టేసే ముందు, పాతాయన్ని ఇప్పుడు ఏ దేశం వేశారని అడుగుతారు.